పచ్చిగా వినిపించే రికార్డు వెనక పని

ఒక గొంతు, ఒక గిటార్. రికార్డింగ్‌లో ఇంతకన్నా తేలికైన పని ఉండదని బయటివాళ్లు అనుకుంటారు. నలభై యాభై ట్రాకులతో, అంటే విడివిడిగా పట్టిన శబ్దాలతో, కుస్తీ పట్టే సినిమా పాట ముందు ఇదెంత అనిపిస్తుంది. స్టూడియోలో కూర్చునేవాళ్లకు మాత్రం దీని సంగతి తెలుసు. నలభై ట్రాకుల్లో ఒకటి బాగా రాకపోతే మిగతావాటి చాటున సర్దేయొచ్చు. ఉన్నవే రెండైతే సర్దడానికి చాటు ఉండదు. ఊపిరి తీసిన చప్పుడు, తీగ మీద వేలు జారిన గీత, గదిలో ఆపడం మరిచిపోయిన ఫ్యాన్, అన్నీ బయటపడతాయి.

దానికి తోడు ఇప్పుడు ఇంకో తిప్పలు వచ్చిపడింది. జానపదం, ఫోక్ పాడేవాళ్లు చాలామంది తమ రికార్డు నున్నగా ఉండకూడదని, పాతవాటిలా పచ్చిగా వినిపించాలని కోరుకుంటున్నారు. కోరిక మంచిదే. దాన్ని తీర్చుకునే దారి దగ్గరే తేడా కొడుతోంది. ముందు అన్నీ శుభ్రంగా, విడివిడిగా, క్లిక్ ట్రాక్ (వేగం కదలకుండా చెవిలో టిక్ టిక్‌మనే తాళం) పెట్టుకుని రికార్డు చేస్తారు. శ్రుతి తప్పిన చోటల్లా సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తారు. అంతా అయ్యాక ఒక ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు అదనంగా చేర్చుకునే పనిముట్టు) తగిలించి టేపు బుసను, పాత ఎల్పీ చిటపటలను పైన చల్లుతారు. కారణం చెప్పలేకపోయినా, ఏదో వేషం కట్టినట్టుందని వినేవాళ్లకు తెలిసిపోతుంది.

పాత ఫోక్ రికార్డుల్లో ఆ బుస ఉన్న మాట నిజమే. కానీ వాటి బలం బుసలో లేదు. వాటిని చేసినవాళ్లు, తర్వాత మార్చుకునే వీలును ముందే వదిలేసుకున్నారు. కొందరు గత్యంతరం లేక, కొందరు తెలిసి. గొంతును, వాద్యాన్ని విడదీయడానికి వీల్లేకుండా ఒకేసారి పట్టారు. ఎవరు ఎంత గట్టిగా వినిపించాలో పాడే సమయంలోనే తేల్చేశారు. టేక్ (ఒకసారి పాడి పట్టినది) నచ్చితే దాని తప్పులతో సహా ఉంచేశారు. పచ్చిదనం పుట్టేది అక్కడ. మిక్సింగ్‌లో, అంటే పట్టిన శబ్దాలను కలిపి సర్దే పనిలో, దాన్ని కాపాడొచ్చు, చెడగొట్టొచ్చు, పుట్టించడం మాత్రం దాదాపు అయ్యే పని కాదు.

క్యాసెట్ మీద ఒకటి, స్టూడియోలో ఒకటి

ఈ మాట వచ్చినప్పుడల్లా అందరూ చూపించేది అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ ఆల్బమ్. చూపించడం సరే, దాని నుంచి ఏం నేర్చుకోవాలో అన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కోల్ట్స్ నెక్ అనే ఊళ్లో, అద్దె ఇంట్లో, టాస్కామ్ పోర్టాస్టూడియో 144 అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ యంత్రం మీద, రెండు షూర్ ఎస్ఎం57 మైకులతో రికార్డయిన పాటలవి. వాటిలో ఎక్కువ భాగం 1982 జనవరి 3న ఒక్కరోజులోనే పాడేశారు. యంత్రాన్ని అమర్చింది కూడా రికార్డింగ్ ఇంజనీరు కాదు, స్ప్రింగ్‌స్టీన్ గిటార్ల బాగోగులు చూసే మైక్ బాట్లన్. ఆల్బమ్ చేయాలన్న ఆలోచనే లేదు. బ్యాండుకు వినిపించి పాటలు నేర్పడానికి ఒక డెమో, అంతే.

ఎస్ఎం57 అంటే స్టేజీల మీద డ్రమ్ముల పక్కన, గిటార్ యాంప్లిఫయర్ల ముందు కనిపించే మామూలు డైనమిక్ మైక్. పోర్టాస్టూడియో 1979లో వచ్చింది. బజారులో దొరికే క్యాసెట్‌నే రెట్టింపు వేగంతో తిప్పి దాని మీద నాలుగు ట్రాకులు పట్టేది. రెండు ట్రాకుల్లోకి గొంతు, గిటార్ ఒకేసారి వెళ్లాయి. మిగిలిన రెండింటిలో కావాల్సిన చోట ఇంకో గొంతు, ఇంకో వాద్యం చేర్చుకున్నారు. అంతకుమించి చోటు లేదు. ఆ నాలుగింటినీ ఎకోప్లెక్స్ అనే టేపు ఎకో యంత్రం గుండా పంపి, ఇంట్లో ఉన్న పానసోనిక్ క్యాసెట్ ప్లేయర్‌లోకి దించారు. అంతకుముందు నీళ్లలో పడి పాడైపోయి, కొన్నాళ్లకు తనంతట తానే మళ్లీ పలికిన ప్లేయర్ అది. మిక్సింగ్ మొత్తం ఇంతే.

ఆ క్యాసెట్ కొన్ని వారాల పాటు పెట్టె కూడా లేకుండా స్ప్రింగ్‌స్టీన్ జేబులో తిరిగింది. న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో బ్యాండుతో ఆ పాటలు చేసి చూశారు, కుదరలేదు. మంచి మైకులు పెట్టుకుని ఒక్కరే మళ్లీ పాడి చూశారు, అదీ కుదరలేదు. చివరికి ఆ క్యాసెట్‌నే ఆల్బమ్‌గా 1982 సెప్టెంబరులో విడుదల చేశారు. ఇక్కడ ఇంకో విషయం కూడా గమనించాలి. ఆ డెమోల్లోనే ఉన్న ‘బోర్న్ ఇన్ ది యూఎస్ఏ’ అనే పాట బ్యాండుతో బ్రహ్మాండంగా కుదిరి, 1984లో ప్రపంచమంతా మోగింది. ఒంటరి గొంతు ఏ పాటకు నప్పుతుందో, ఏ పాటకు నప్పదో పాటే చెబుతుంది. అన్ని పాటలకూ ఒకే పచ్చి రంగు పూయాలనుకోవడం కూడా ఒక రకం మేకప్పే.

ఈ కథ విని చాలామంది పాత క్యాసెట్ యంత్రాల కోసం వెతుకుతారు. యంత్రమే మహిమ చేసిందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి ఇంగ్లిష్ గాయకుడు నిక్ డ్రేక్ ‘పింక్ మూన్’ చాలు. 1971 అక్టోబరులో లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో చేసిన ఆల్బమ్ అది. పేరున్న స్టూడియో, మంచి మైకులు, జాన్ వుడ్ లాంటి చేయి తిరిగిన ఇంజనీరు. గదిలో వాళ్లిద్దరే. రెండు రాత్రుల్లో పని ముగిసింది. ఉన్నదల్లా ఒక గొంతు, ఒక గిటార్, మొదటి పాటలో మాత్రం పైన చేర్చిన కాస్త పియానో. నిడివి అరగంట కూడా లేదు. బుస లేదు, గరగర లేదు, ప్రతి తీగా గాజులా స్పష్టంగా వినిపిస్తుంది. అయినా దాన్ని నున్నటి రికార్డని ఎవరూ అనరు. ఒకటి చవక క్యాసెట్ మీద, ఇంకోటి ఖరీదైన స్టూడియోలో. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది పరికరం కాదు, సరిదిద్దుకునే అవకాశాన్ని పక్కన పెట్టడం.

‘నెబ్రాస్కా’లో ఎకో బాగానే ఉందన్న సంగతి కూడా మరిచిపోకూడదు. పచ్చిగా ఉండాలంటే రివర్బ్ (గది మోతలాంటి ప్రతిధ్వని), ఎకో ఏవీ ఉండకూడదని ఒక మూఢనమ్మకం చలామణీలో ఉంది. ఆ ఆల్బమ్‌లో గొంతు వెనక ఎకో మోగుతూనే ఉంటుంది. కాకపోతే గొంతూ, గిటారూ అన్నీ కలిసి ఒకే యంత్రం గుండా వెళ్లాయి కాబట్టి అది పైన పూసిన పూతలా కాకుండా, ఆ చోటుకే సహజమైన గుణంలా వినిపిస్తుంది.

ఫేడర్లకు ముందు అడుగులు

రికార్డింగ్‌కు మిక్సర్, శబ్దాలను పెంచి తగ్గించే దాని ఫేడర్లు మొదటి నుంచీ తోడుగా లేవు. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ పాటలు పట్టినప్పుడు మైక్ అనేదే లేదు. ఒక పెద్ద గరాటు, దాని చివర మైనం పలక. ఎవరు ఎంత వినిపించాలన్నది గరాటుకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారన్న దాన్ని బట్టే తేలేది. 1925 తర్వాత ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చింది, మైకులు వచ్చాయి, ఆ తర్వాత ఒక్కో శబ్దాన్ని విడిగా పట్టే మల్టీట్రాక్ వచ్చింది. ఒక్కో మెట్టుకూ నిర్ణయాన్ని కాస్త వెనక్కి జరుపుకునే సౌకర్యం పెరిగింది.

ఆ సౌకర్యాన్ని వద్దనుకుని పాత పద్ధతికి వెళ్లినవాళ్లు ఉన్నారు. కెనడాకు చెందిన కౌబాయ్ జంకీస్ బృందం 1987 నవంబరు 27న టొరంటోలోని హోలీ ట్రినిటీ చర్చిలో ఒకే ఒక్క మైక్‌తో ఆల్బమ్ రికార్డు చేసింది. కాల్రెక్ కంపెనీ తయారుచేసిన ఆంబిసానిక్ మైక్ అది, నాలుగు వైపుల శబ్దాన్నీ పట్టుకుంటుంది. నిర్మాత పీటర్ మూర్. మైక్ చుట్టూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చడానికే గంటలు పట్టింది. మార్గో టిమ్మిన్స్ గొంతు చాలా మెత్తన, డ్రమ్ముల మధ్య వినిపించదు. అందుకని ఆమె గొంతును ఒక పీఏ (సభల్లో వాడే) స్పీకర్‌లోంచి వదిలి, ఆ స్పీకర్‌ను మైక్‌కు తగిన దూరంలో పెట్టారు. ‘ది ట్రినిటీ సెషన్’ పేరుతో వచ్చిన ఆ రికార్డు ఇప్పటికీ ఇంజనీర్ల మాటల్లో నలుగుతూనే ఉంది.

దీని వెనక ఉన్న లెక్క చిన్నదే. ఆరుబయట, దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం గట్టిదనానికి కొలత) తగ్గుతుంది. నాలుగు రెట్లయితే 12. డప్పు ఉన్న పాటను తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. డప్పు ముందు గొంతు ఎంత పెద్దదైనా నిలబడదు. అందుకే డప్పుకు వేరే రోజు, గొంతుకు వేరే రోజు పెట్టి విడివిడిగా రికార్డు చేయడం అలవాటైపోయింది. అలా చేసిన పాటలో డప్పు ఒక చోట, మనిషి ఇంకో చోట ఉన్నట్టే వినిపిస్తుంది. దానికి బదులు గాయకుణ్ణి మైక్‌కు రెండున్నర అడుగుల్లో నిలబెట్టి, డప్పులను పది అడుగుల వెనక్కి పంపితే ఆ దూరమే 12 డెసిబెల్స్ పని చేసిపెడుతుంది. మైక్ వెనక వైపు శబ్దం తక్కువ పట్టే రకమైతే డప్పును ఆ వైపుకు పెట్టడం ఇంకో ఉపాయం. అయితే డప్పు మొద్దుబారిపోయే ప్రమాదం ఉంది, దెబ్బ పడినప్పటి ఆ పదును దూరంతో పాటు కొంత పోతుంది. ఎంత పోగొట్టుకోవచ్చన్నది చెవి తేల్చాల్సిన బేరం.

డప్పును నాలుగు గోడల మధ్య పట్టడం కన్నా పెరట్లోనో, ఖాళీ స్థలంలోనో పట్టడం మేలు. అది ఆరుబయటి వాద్యం. టైల్స్ వేసిన గదిలో ఒక్క దెబ్బ వేస్తే గోడలన్నీ తిరిగి కొడతాయి. పైగా తోలు బిగువు కోసం దాన్ని మంట దగ్గర కాచుకోవాలి, చల్లారే కొద్దీ స్వరం దిగుతుంది. ఉదయం మొదటి టేక్‌లోని చరణాన్ని గంట తర్వాతి టేక్‌లోని చరణానికి అతికిద్దామంటే డప్పే పట్టించేస్తుంది. కాచిన వెంటనే పాట మొత్తం ఒకేసారి పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. ఇలాంటి వాద్యాలు ఇంజనీరుకు మొండితనం నేర్పవు, ఒద్దిక నేర్పుతాయి.

బుర్రకథ దగ్గరకు వస్తే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. తంబుర భుజాన వేసుకున్న కథకుడు ఒక్క చోట నిలబడడు. కథ ఉద్రేకంలోకి వెళ్లినప్పుడు ముందుకొస్తాడు, వంతలు తందాన అందుకునేటప్పుడు వెనక్కి తగ్గుతాడు. అంటే తన మిక్సింగ్ తనే చేసుకుంటున్నాడు. ముందు ఒక మంచి స్టీరియో మైక్ జతను ఆరేడు అడుగుల దూరంలో పెడితే ఆ రాకపోకలన్నీ రికార్డులోకి వస్తాయి. చొక్కాకు క్లిప్ మైకులు తగిలిస్తే మాట స్పష్టంగా ఉంటుంది, నడక మాత్రం పోతుంది. టీవీ కోసం క్లిప్ మైక్ సరే. రికార్డు కోసమైతే ఆ నడకే అసలు సరుకు.

ఒక మనిషి, రెండు మైకులు

పాడుతూ వాయించే మనిషిని రెండు మైకులతో పట్టడం పైకి కనిపించేంత తేలిక కాదు. గొంతు ముందు ఒకటి, గిటార్ ముందు ఒకటి పెడతారు. గొంతు మైక్‌లో గిటార్ పడుతుంది, గిటార్ మైక్‌లో గొంతు పడుతుంది. దీన్నే బ్లీడ్ అంటారు. నోటికి గొంతు మైక్ 15 సెంటీమీటర్ల దూరంలో, గిటార్ మైక్ 60 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. తేడా 45 సెంటీమీటర్లు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, అదే మాట గిటార్ మైక్‌కు 1.3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండు ట్రాకులూ కలిపినప్పుడు 380 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. గొంతుకు కండ ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. ఫలితం, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు గుల్లగా వినిపిస్తుంది. ఈక్యూతో (స్వరాల స్థాయిలను పెంచి తగ్గించే సాధనంతో) ఆ గుంతను పూడ్చబోతే ఇంకో చోట గుంత పడుతుంది.

దీనికి మందు మిక్సింగ్‌లో లేదు, మైకుల అమరికలో ఉంది. ఫిగర్-8 రకం మైక్ ముందూ వెనకా వింటుంది, పక్కల నుంచి వచ్చే శబ్దం దాదాపు పట్టదు. గిటార్ ముందు అలాంటి మైక్ పెట్టి, దాని పక్క భాగం గాయకుడి నోటి వైపు ఉండేలా వంచితే గొంతు బ్లీడ్ చాలావరకు తగ్గుతుంది. గొంతు మైక్‌ను కూడా అదే రకంగా, గిటార్ దాని పక్కన పడేలా పెడితే ఇంకా మంచిది. రెండు మైకులూ పెట్టి హెడ్‌ఫోన్లలో వింటూ, ఒక మనిషి మైక్‌ను వేలెడంత జరుపుతుంటే గొంతు ఒక చోట చటుక్కున నిండుగా మారుతుంది. ఆ చోటు దొరికే వరకు రికార్డ్ బటన్ నొక్కకపోవడం మంచిది. ఎంతకీ దొరకకపోతే ఒక మైక్ తీసేసి, మిగిలిన ఒక్కదాన్ని ఛాతీ ఎత్తులో రెండు మూడు అడుగుల దూరంలో పెట్టి, నోటికీ గిటార్‌కూ మధ్య పైకీ కిందికీ జరిపి సరిచూసుకోవాలి. ఒక్క మైక్ ఉంటే ఫేజ్ గొడవే, అంటే రెండు మైకుల శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టుకోవడమే, రాదు.

గిటార్ వరకు చెప్పాలంటే, మైక్‌ను నేరుగా సౌండ్ హోల్‌కు గురిపెట్టడం కొత్తవాళ్లు తరచుగా చేసే పని. పెద్ద గిటార్లలో పెట్టె గాలి 100 హెర్ట్జ్ చుట్టుపక్కల గుయ్యిమంటుంది, అదంతా మైక్‌లోకి వచ్చిపడుతుంది. మెడ, పెట్టె కలిసే చోటికి, అంటే పన్నెండో ఫ్రెట్ వైపు గురిపెట్టి అడుగు దూరంలో ఉంచితే తీగా, చెక్కా రెండూ సమంగా వస్తాయి. కొత్త తీగలు వేసుకుని వస్తే తళతళా మోగుతాయి, వేలు జారినప్పుడల్లా కీచుమంటాయి. కొన్నాళ్లు వాయించి పదును తగ్గిన తీగలు ఈ రకం రికార్డుకు బాగా నప్పుతాయి.

ఇక బ్లీడ్ ఉన్నప్పుడు ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) సంగతి. గొంతు ట్రాక్‌లో శ్రుతి సరిచేస్తే, గిటార్ ట్రాక్‌లోకి వెళ్లిన అసలు గొంతు సరికాకుండానే ఉండిపోతుంది. రెండూ కలిపి వింటే తప్పు శ్రుతి దెయ్యంలా వెనక నుంచి పాడుతుంటుంది. పైగా గొంతు ట్రాక్‌లో ఉన్న గిటార్ బ్లీడ్ కూడా వంకరపోతుంది. కాబట్టి ఒకేసారి పట్టిన పాటలో శ్రుతి ఎంత ఉందో అంతే. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ పాడేవాళ్ల మీద దీని ప్రభావం వేరేగా ఉంటుంది. తర్వాత సరిచేస్తారులే అన్న భరోసా లేనప్పుడు మనిషి వేరేలా పాడతాడు. కొందరు బిగుసుకుపోతారు కూడా, ఆ టెన్షన్ రికార్డులోకి వచ్చేస్తుంది. అలాంటివాళ్లకు హెడ్‌ఫోన్లు తీసేయమనడం చాలాసార్లు పనిచేస్తుంది. ఓవర్‌డబ్ (తర్వాత పైన చేర్చే శబ్దం) లేనప్పుడు హెడ్‌ఫోన్లతో పనే లేదు. తన గొంతు గదిలో సహజంగా వినపడుతుంటే చాలామందికి శ్రుతి దానంతటదే కుదురుతుంది.

గది

మన ఇళ్లలో పది బై పన్నెండు గది, సిమెంటు గోడలు, నేలకు టైల్స్. చప్పట్లు కొడితే గోడల మధ్య శబ్దం గిలగిలలాడుతూ తిరుగుతుంది. పది అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ చుట్టూ, పన్నెండు అడుగుల మధ్య 47 చుట్టూ గది తనంతట తాను గుమ్మంటుంది, వాటి రెట్టింపుల దగ్గర కూడా. గది సరిగ్గా మధ్యలో కూర్చోకుండా, గోడకు ఆనుకోకుండా, మూడో వంతు దూరంలో కూర్చుంటే చాలా తేడా వస్తుంది. బట్టలున్న బీరువా తలుపులు తెరిచి పెట్టడం, గాయకుడి ఎదురుగా గోడకు బొంతలు వేలాడదీయడం, కింద జంపఖానా పరచడం, వీటికి పెద్ద ఖర్చు లేదు. బజారులో అమ్మే సన్నటి ఫోమ్ పలకలు గది నిండా అంటిస్తే మాత్రం పై స్వరాలు చచ్చిపోయి, కింది గుయ్యిమనే మోత అలాగే మిగులుతుంది. బొంతే నయం.

గదిని పూర్తిగా చంపేయకూడదు కూడా. తర్వాత రివర్బ్‌తో కృత్రిమంగా చేర్చే గది కన్నా, సాదాసీదాగా ఉన్నా నిజమైన గదే ఈ రకం రికార్డుకు మేలు. ఇంట్లో అన్ని గదుల్లోనూ ఒక్క చరణం ఫోన్‌లో పట్టి విని చూస్తే ఏది బాగుందో తెలిసిపోతుంది. హాలు, వరండా, మెట్ల కింద చోటు, ఏదైనా కావచ్చు. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ప్లగ్ తీయాలి, పక్కింటి కుక్కర్ విజిల్ వేళలు తెలుసుకోవాలి. కరెంటు పోయినప్పుడు ఊరు నిశ్శబ్దమైపోతుంది గానీ లాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందన్నది ఎవరి అదృష్టం వాళ్లది.

మిక్సింగ్: చేతులు కట్టుకోవడం

రికార్డింగ్ పైన చెప్పినట్టు జరిగితే మిక్సింగ్‌లో పెద్ద పని మిగలదు. మిగలకూడదు. రెండు ఫేడర్లు పైకెత్తి, గొంతూ గిటారూ ఒకే మనిషివి అనిపించే చోట ఆపితే సగానికి పైగా అయినట్టే. గొంతును బాగా ముందుకు తెచ్చి గిటార్‌ను వెనక్కి నెడితే సినిమా పాటలా మారుతుంది. ఫోక్ రికార్డుల్లో గిటార్ తరచుగా మనం అనుకునే దానికన్నా గట్టిగానే ఉంటుంది.

కింది చెత్తను (అక్కర్లేని మంద్ర మోతలను) తీయడానికి హై-పాస్ ఫిల్టర్ వాడతారు. అందరూ అలవాటుగా 100 హెర్ట్జ్ దగ్గర కోసేస్తారు. మామూలు శ్రుతిలో గిటార్ మంద్ర తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఆ తీగను ఇంకో స్వరం దించితే 73కు పోతుంది. బొటనవేలితో ఆ తీగను మోగించేవాళ్ల పాటలో 100 దగ్గర కోస్తే కాళ్లు నరికినట్టే. గిటార్ ట్రాక్‌లో 60 దగ్గర, గొంతు ట్రాక్‌లో 80 దగ్గర ఆపుకుని వినాలి. 200 హెర్ట్జ్ చుట్టూ బురదగా ఉంటే రెండు మూడు డెసిబెల్స్ తగ్గించొచ్చు. పైన 10 వేల హెర్ట్జ్ దగ్గర పెంచి మెరుపు తెచ్చే అలవాటును మాత్రం మానుకోవాలి. నున్నటి రికార్డు వాసన ముందుగా అక్కడి నుంచే వస్తుంది.

కంప్రెసర్ (గట్టి శబ్దాలను అణిచే సాధనం) విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గొంతు ట్రాక్‌లో గిటార్ బ్లీడ్ ఉంది కదా. గట్టిగా కంప్రెస్ చేస్తే పాడేటప్పుడు గొంతు కుదించుకుని, పాడని చోట గిటార్ ఉబికి పైకొస్తుంది. పాట మొత్తం అలా ఊపిరి పీల్చి వదులుతున్నట్టుంటుంది. 2:1 నిష్పత్తిలో రెండు మూడు డెసిబెల్స్‌కు మించకుండా వాడి, మిగతా హెచ్చుతగ్గులను ఫేడర్‌తో చరణం చరణానికి సర్దుకోవడం మంచిది. ఓపిక కావాల్సిన పని, కానీ గాయకుడు గట్టిగా పాడిన చోట గట్టిగానే వినిపిస్తుంది.

గొంతు మధ్యలో, గిటార్‌ను రెండు వైపులకూ లాగి వెడల్పు చేయడం ఇంకో ఫ్యాషన్. అలా విన్నప్పుడు ఆ గిటార్ ఎనిమిదడుగుల పొడవైనా ఉండాలి, లేదా గాయకుడు దాని లోపల కూర్చుని పాడుతుండాలి. మనిషి నోటికీ గిటార్‌కూ మధ్య మూరెడు దూరం. మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దంగా) ఉంచినా కొంపలేం మునిగిపోవు. ఇంకొంచెం గాలి కావాలంటే, రికార్డింగ్ రోజునే గదిలో ఆరడుగుల దూరాన ఇంకో మైక్ పెట్టుకుని, దాన్ని మిక్స్‌లో తక్కువగా కలుపుకోవచ్చు. రివర్బ్ వాడక తప్పకపోతే గొంతుకు ఒకటి, గిటార్‌కు ఒకటి కాకుండా రెండింటికీ ఒకటే పంపాలి.

తప్పులను ఏం చేయాలన్నదే చివరికి మిగిలే పెద్ద ప్రశ్న. బాబ్ డిలన్ మొదటి ఆల్బమ్ 1961 నవంబరు 20, 22 తేదీల్లో న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోలో రికార్డయింది. నిర్మాత జాన్ హామండ్. పకారం వచ్చినప్పుడల్లా మైక్ ఠప్పుమనేదని, సకారాలు బుస్సుమనేవని, పాడుతూ పాడుతూ మైక్ వదిలి పక్కకు పోయేవాడని హామండ్ తర్వాత చెప్పుకున్నారు. అయినా వాళ్లు దాన్ని అలాగే విడుదల చేశారు. ప్రతి ఠప్పూ ఉంచాలని దీని అర్థం కాదు. మాట వినపడకుండా అడ్డుపడేదాన్ని తీయాలి. మాటతో పాటు వచ్చిన ఊపిరిని, చరణం చివర గొంతు కాస్త జీరపోవడాన్ని, కుర్చీ కిర్రుమనడాన్ని ఉంచొచ్చు. రెండు టేకులు అతికించాల్సి వస్తే పదం దగ్గర కాకుండా చరణం మొదట్లో అతకాలి. క్లిక్ లేకుండా పాడినప్పుడు వేగం కదులుతూ ఉంటుంది, మధ్యలో అతికితే ఆ కదలిక తెగుతుంది. టేకులు ఎంచుకునేటప్పుడు కంప్యూటర్ తెర వైపు చూడకపోవడం కూడా మంచి అలవాటు. గీతలు చక్కగా కనిపించిన టేకే బాగుందని కన్ను చెవికి నచ్చజెబుతుంది.

ఎంత గట్టిగా?

‘నెబ్రాస్కా’ క్యాసెట్‌ను ఎల్పీగా కోయడం (డిస్క్ మీద గాడి చెక్కడం) తలనొప్పిగా మారింది. పేరున్న మాస్టరింగ్ ఇంజనీర్లు (విడుదలకు ముందు చివరి మెరుగు దిద్దేవాళ్లు) ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించారు, శబ్దం డిస్క్ మీదకు సరిగా ఎక్కలేదు. చివరికి న్యూయార్క్ అట్లాంటిక్ స్టూడియోస్‌లో డెనిస్ కింగ్ బాగా తక్కువ లెవెల్లో కోస్తే కుదిరింది. ఆ రికార్డు పక్క రికార్డుల కన్నా మెల్లగా మోగినా ఎవరికీ అడ్డు రాలేదు.

ఇప్పుడైతే ఆ బెంగ ఇంకా తక్కువ. స్పాటిఫై లాంటి సర్వీసులు పాటలన్నిటినీ సుమారు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఎంత గట్టిగా వినిపిస్తుందన్న కొలత, సున్నాకు దగ్గరైన కొద్దీ గట్టి) అనే స్థాయికి తెచ్చి వినిపిస్తాయి. లిమిటర్‌తో (శబ్దం ఒక హద్దు దాటకుండా నొక్కే సాధనంతో) పిండి -8కి తీసుకెళ్లిన పాటను అవి వెనక్కి తగ్గిస్తాయి. అప్పుడు మిగిలేది నలిగిపోయిన గిటార్ దెబ్బలు మాత్రమే. గొంతు, గిటార్ ఉన్న పాట -16, -17 దగ్గర ఆగినా ఇబ్బంది లేదు. ఆల్బమ్‌లో అన్ని పాటలనూ ఒకే స్థాయికి లాగకుండా, మెల్లగా పాడిన పాటను మెల్లగానే ఉండనివ్వాలి.

మాస్టరింగ్‌కు ఇచ్చే ముందు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినక తప్పదు, ఎందుకంటే ఎక్కువమంది వినేది అందులోనే. ఆ స్పీకర్‌లో బొటనవేలి మంద్ర స్వరాలు దాదాపు మాయమైపోతాయి. బాస్ పెంచితే ఫోన్‌లో రాదు, మంచి స్పీకర్లలో గుమ్మంటుంది. గిటార్ ఫేడర్‌ను ఒక డెసిబెల్ పైకి జరిపితే, ఆ తీగ పై హరాత్మకాలు (మూల స్వరంతో పాటు మోగే పై స్వరాలు) కాస్త ముందుకొచ్చి చెవి మిగతాది పూరించుకుంటుంది. అది కూడా చాలకపోతే పన్నెండో ఫ్రెట్ దగ్గర పెట్టిన మైక్‌ను రెండంగుళాలు పెట్టె వైపు జరిపి, ఆ ఒక్క పాటనూ మళ్లీ పాడించడమే మార్గం.